మళ్లీ వస్తామని పెట్టిన గుర్తు: మతసంస్థల అనాథాశ్రమాల వెనుక కథ

ఫ్లోరెన్స్ నగరంలో 1445లో పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టిన ఇన్నొసెంటి శిశు సదనంలో ఇప్పుడొక మ్యూజియం ఉంది. అక్కడ భద్రపరిచిన వస్తువుల్లో సగానికి విరిచిన పతకాలు, నాణేల ముక్కలు కనిపిస్తాయి. బిడ్డను వదిలివెళ్లే తల్లి ఒక సగాన్ని బిడ్డ ఒంటిమీద ఉంచి, రెండో సగం తన దగ్గర దాచుకునేది. రోజులు బాగుపడితే వచ్చి, రెండు ముక్కలూ కలిపి చూపించి బిడ్డను తీసుకుపోవాలని ఆశ. లండన్‌లో ఇలాగే వదిలేసిన పిల్లల కోసం పెట్టిన సదనంలోనూ ఇదే పద్ధతి. అక్కడ రిబ్బన్లు, గుడ్డ పేలికలు కూడా గుర్తులే. అలా తిరిగి రాగలిగినవాళ్లు చాలా తక్కువ.

మనం అలవాటుగా 'దిక్కులేని పిల్లలు' అనేస్తాం. ఆ సగం ముక్కలు చూశాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు. వాళ్లలో చాలామందికి దిక్కు ఉంది, ఆ దిక్కుకు పెంచే స్తోమత లేదు. అనాథాశ్రమాలు ఉండాలా, మూసేయాలా, మరోలా మార్చాలా అని ఇప్పుడు జరుగుతున్న వాదమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది. ఆ వాదంలో రెండువైపులా మతసంస్థలే ఉన్నాయి. ఆశ్రమాలు కట్టినదీ వాళ్లే, వాటిని మొదట ప్రశ్నించినవాళ్లలోనూ వాళ్లున్నారు.

నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీలోని సిజేరియాలో బిషప్ బాసిల్ ఊరి బయట పేదలకు, రోగులకు కట్టించిన ఆశ్రయ సముదాయాన్ని ఈ కథకు మొదలుగా చెబుతారు. ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ చట్టాల నాటికి అనాథ గృహాలకు, పసికందుల గృహాలకు వేరువేరు పేర్లే ఉన్నాయి. 787లో మిలాన్‌లో దాతెయుస్ అనే మతాచార్యుడు వదిలేసిన శిశువుల కోసం ఒక సదనం పెట్టాడు. టైబర్ నదిలో జాలర్ల వలలకు పసికందుల శవాలు తగులుతున్నాయని విని పోప్ మూడో ఇన్నొసెంట్ రోమ్‌లోని సాంటో స్పిరిటో ఆసుపత్రిలో వాళ్లకు చోటిచ్చాడని ఒక గాథ. ఇలాంటి చోట్ల గోడలో తిరిగే తొట్టి ఉండేది. బయట నుంచి బిడ్డను పెట్టి తిప్పితే లోపలికి చేరుతుంది. పెట్టిన చేయి ఎవరిదో లోపలివాళ్లకు తెలియదు. తల్లి పరువు నిలిచేది, బిడ్డకు తల్లి పేరు పోయేది.

ఇస్లాంలో దారి వేరుగా నడిచింది. ప్రవక్త ముహమ్మద్ పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకున్నవాడు. అనాథల ఆస్తి కాజేయడాన్ని ఖురాన్ తీవ్రంగా నిషేధించింది. బిడ్డను ఇంట్లో పెంచుకోవచ్చు, కానీ కన్నతండ్రి పేరు చెరపకూడదు. 'కఫాలా' అనే ఈ ఏర్పాటును 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా పేరుపెట్టి గుర్తించింది. వక్ఫ్ సొమ్ముతో అనాథలకు బడులు నడిపారు. పెంపకానికి మాత్రం ఇంటివైపే మొగ్గు.

యూరప్ సదనాల్లో పిల్లలు రాలిపోయారు. తల్లిపాలకు బదులు ఏమివ్వాలో తెలియని కాలం, కిక్కిరిసిన గదులు, అంటురోగాలు. 1741లో తెరిచిన లండన్ సదనంలో చోటు చాలక తల్లుల చేత సంచిలోంచి బంతి తీయించేవారు. తెల్లది వస్తే బిడ్డకు చోటు, ఎర్రది వస్తే నిరీక్షణ, నల్లది వస్తే వెనక్కి. 1756లో పార్లమెంటు డబ్బిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోమంది. నాలుగేళ్లలో దాదాపు 15 వేల మంది వచ్చారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది చనిపోయారు. 1760లో ఆ ఏర్పాటు ఆపేశారు. ఆ తల్లులకే నెలకు కొంత ఇచ్చి ఉంటే ఎలా ఉండేదన్న ఆలోచన చట్టంగా మారడానికి ఇంకా నూటయాభై ఏళ్లు పట్టింది.

ఆధునిక అనాథాశ్రమానికి వంశవృక్షం గీస్తే, వేరు జర్మనీలోని హాలే పట్టణంలో కనిపిస్తుంది. 1695లో అక్కడి పాస్టర్ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె చందాపెట్టెలో నాలుగు టాలర్లు (అప్పటి జర్మన్ వెండి నాణేలు), కొంత చిల్లర పడ్డాయి. దాంతో పేదపిల్లలకు బడి మొదలుపెట్టాడు. ఆ వెంటనే అనాథ గృహం, తర్వాత మందుల తయారీ, అచ్చుకూటం, పుస్తకాల దుకాణం వచ్చాయి. ఫ్రాంకె పోయేనాటికి 2 వేలకు పైగా పిల్లలు అక్కడ చదువుతున్నారు. వాళ్లలో అనాథలు కొద్దిమందే. (మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746 ప్రాంతంలో అచ్చయింది కూడా హాలేలోనే. తెలుగు అచ్చు చరిత్ర ఒక అనాథాశ్రమం ఉన్న ఊరి నుంచి మొదలవడం నాకెప్పుడూ విచిత్రంగానే అనిపిస్తుంది.)

1820లలో హాలేలో మతవిద్య చదివిన జార్జ్ ముల్లర్ అనే కుర్రాడు, పేద విద్యార్థులకు ఫ్రాంకె అనాథ గృహంలో ఇచ్చే ఉచిత వసతిలో రెండు నెలలు తలదాచుకున్నాడు. అతనే 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, అద్దె ఇంట్లో, పిల్లల గృహం తెరిచాడు. 1870 నాటికి ఆష్లీ డౌన్ గుట్టమీద ఐదు భారీ భవనాలు లేచాయి. ఒకేసారి 2 వేల మందికి పైగా చోటు. అతని జీవితకాలంలో సుమారు 10 వేల మంది అక్కడ పెరిగారు. ముల్లర్ ఎవరినీ చేయిచాచి అడగలేదని, ప్రార్థన మాత్రమే చేశాడని పేరు. నిజమే, కానీ ఏటా ఒక నివేదిక అచ్చువేసేవాడు. ఏ రోజు కొట్టు ఖాళీ అయిందో, ఏ గంటకు ఎవరి డబ్బు అందిందో వివరంగా రాసేవాడు. అడగకుండానే అడగడంలో అంతకు మించిన పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదేమో.

అతని నిబంధన ఒకటి గమనించాలి. తల్లీతండ్రీ ఇద్దరూ పోయినవాళ్లనే, వివాహబంధంలో పుట్టినవాళ్లనే చేర్చుకునేవాడు. మొదటి షరతు మంచిదే. బతికున్న తల్లి నుంచి బిడ్డను వేరు చేయలేదు. రెండో షరతు వల్ల పెళ్లికాని తల్లుల పిల్లలు గుమ్మం బయటే ఉండిపోయారు. వాళ్ల కోసం వేరే ఇళ్లు పుట్టుకొచ్చాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముల్లర్ తన అనుభవాలు రాసిన పుస్తకం చదివి కదిలినవాళ్లలో, క్రైస్తవం స్వీకరించిన సంఘ సంస్కర్త పండిత రమాబాయి ఒకరు. తల్లిదండ్రులను కరవులోనే పోగొట్టుకున్న మనిషి. 1896-97 కరవులో మధ్య పరగణాలకు (నేటి మధ్యప్రదేశ్ ప్రాంతానికి) వెళ్లి వందల మంది ఆడపిల్లల్ని, వితంతువుల్ని పుణె దగ్గర కేడ్‌గావ్‌కు తీసుకొచ్చారు. అదే ముక్తి మిషన్. హాలే నుంచి బ్రిస్టల్‌కు, అక్కడి నుంచి కేడ్‌గావ్‌కు ఒక్క గీతలా సాగిన ప్రయాణం ఇది. తల్లిని, బిడ్డను ఒకే కప్పు కింద ఉండనిచ్చిన చోటు కాబట్టి ముక్తిని మిగతావాటితో ఒకే గాటన కట్టలేం.

రమాబాయి అనుభవంలోనే ఈ కథకున్న ఇంకో ముడి బయటపడింది: బిడ్డ ఏ మతంలో పెరగాలి? మత ప్రమేయం ఉండదని చెప్పి 1889లో ఆమె పెట్టిన శారదా సదన్‌లో పిల్లలు ఆమె ప్రార్థనలకు హాజరవుతున్నారని 1893లో గొడవ లేచింది. హిందూ సంస్కర్తలు రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది సంరక్షకులు పిల్లల్ని తీసుకుపోయారు. కరవు ఏళ్లలో క్రైస్తవ మిషన్లు పిల్లల్ని చేర్చుకుంటుంటే, లాలా లజపతిరాయ్ హిందూ అనాథల సహాయ ఉద్యమం నడిపారు. అమెరికాలోనూ ఇదే పోటీ. ప్రొటెస్టంట్ పాస్టర్ చార్లెస్ లోరింగ్ బ్రేస్ సంస్థ 1854 నుంచి న్యూయార్క్ వీధిపిల్లల్ని రైళ్లెక్కించి పశ్చిమాన పొలాల ఇళ్లకు పంపింది. కాథలిక్ పిల్లలు ప్రొటెస్టంట్ ఇళ్లలో పడుతున్నారని కాథలిక్కులు తమ రైళ్లు తాము నడిపారు. 1904లో కాథలిక్ సిస్టర్లు 40 మందిని అరిజోనాలోని మెక్సికన్ కాథలిక్ కుటుంబాలకు అప్పగిస్తే, తెల్ల పిల్లలు మెక్సికన్ల ఇళ్లలోనా అంటూ అక్కడి తెల్లవాళ్లు తుపాకులతో వచ్చి లాక్కుపోయారు. కోర్టు లాక్కున్నవాళ్లవైపే నిలిచింది. ఆశ్రమాల సంఖ్య పెరగడానికి పేదరికం ఎంత కారణమో, పక్క మతంవాడు ముందు అందుకుంటాడన్న భయమూ అంతే కారణం.

ఫొటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లండన్‌లో పిల్లల గృహాలు నడిపిన థామస్ బర్నార్డో, వచ్చిన పిల్లలకు చినిగిన బట్టల్లో ఒక ఫొటో, శుభ్రంగా తయారు చేసి ఇంకో ఫొటో తీయించి, జంటగా అమ్మి విరాళాలు పోగుచేశాడు. ఆ 'ముందు' ఫొటోల్లో కొంత వేషం ఉందని 1877 నాటి మధ్యవర్తిత్వ విచారణ తప్పుపట్టింది. ఆయన సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి బ్రిటన్ నుంచి దాదాపు లక్ష మంది పిల్లల్ని కెనడా పొలాల పనికి ఓడల్లో పంపాయి. ఆస్ట్రేలియాకూ పిల్లల్ని ఇలాగే పంపారు. చాలామందికి ఇంటిదగ్గర అమ్మో నాన్నో ఉన్నారు. ఆస్ట్రేలియా ప్రధాని 2009లో, బ్రిటన్ ప్రధాని 2010లో ఇలా తరలించిన పిల్లలకు క్షమాపణ చెప్పారు.

ఇక పెళ్లికాని తల్లుల ఇళ్లు. ఐర్లండ్‌లో ఇవి చాలావరకు సిస్టర్ల చేతుల్లో నడిచేవి, ఖర్చు ప్రభుత్వానిది. 1922 నుంచి 1998 మధ్య నడిచిన 18 సంస్థలపై 2021లో వచ్చిన విచారణ నివేదిక ప్రకారం అక్కడ సుమారు 9 వేల మంది పిల్లలు చనిపోయారు. ఈ తప్పు కన్యాస్త్రీలది మాత్రమే అనడం నాకు సులువైన తీర్పులా తోస్తుంది. కూతురిని గుమ్మం ఎక్కనివ్వని తండ్రి, బాధ్యత తీసుకోని ప్రేమికుడు, లెక్క తేలిపోయిందనుకున్న ప్రభుత్వం అందరూ ఇందులో ఉన్నారు. అదే దేశంలో మతసంఘాలు నడిపిన పారిశ్రామిక బడులకు తలకింత చొప్పున ప్రభుత్వం డబ్బు కట్టేది. బిడ్డను ఇంటికి పంపితే ఆ తల తాలూకు డబ్బు ఆగిపోతుంది. ఏ మతమైనా, ఏ దేశమైనా, ఈ లెక్క పెట్టినచోట పిల్లలు లోపలే ఉండిపోతారు.

భిన్నంగా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. 1833లోనే హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే మతసేవకుడు పెద్ద హాళ్లు వద్దని, డజను మంది పిల్లలకు ఒక పెద్దదిక్కు చొప్పున చిన్న ఇళ్లు కట్టాడు. 1909లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పిలిచిన సభలో కాథలిక్, యూదు, ప్రొటెస్టంట్ సేవాసంస్థల వాళ్లు కలిసి కూర్చుని, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి తీయకూడదని తీర్మానించారు. ఆ సభ కోసం గట్టిగా పట్టుబట్టిన జేమ్స్ వెస్ట్ స్వయంగా అనాథాశ్రమంలో పెరిగినవాడు. రెండేళ్లకు ఇల్లినాయ్ రాష్ట్రం తల్లులకు పింఛను చట్టం తెచ్చింది.

శాస్త్రం ఆలస్యంగా చేరింది. 1945లో మానసిక వైద్యుడు రెనే స్పిట్జ్ ఒక శిశు సదనాన్ని, తల్లులు తమ బిడ్డల్ని తామే చూసుకునే ఒక జైలు శిశుశాలను పోల్చాడు. పరిశుభ్రమైన సదనంలో పిల్లలు కృశించి, రెండేళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయారు. జైల్లో అమ్మ ఒడిలో ఉన్నవాళ్లు పెరిగారు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ రాసిన నివేదిక ఈ సంగతిని ప్రభుత్వాల ముందు పెట్టింది. మతం తీసేస్తే సరిపోతుందనుకునేవాళ్లకు రుమేనియా జవాబు. దేవుణ్ణి పక్కనపెట్టిన ఆ కమ్యూనిస్టు ప్రభుత్వ సంస్థల్లో 1989 నాటికి లక్షకు పైగా పిల్లలు మగ్గుతున్నారు. తర్వాత బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలపై జరిగిన అధ్యయనంలో, రెండేళ్లలోపు పెంపకపు కుటుంబాలకు చేరినవాళ్లు సంస్థల్లో ఉండిపోయినవాళ్ల కంటే బాగా కోలుకున్నారు.

2009 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలను ఆమోదించింది. అందులోనూ 1909 నాటి మాటే: పేదరికం బిడ్డను వేరుచేయడానికి కారణం కాకూడదు. అయినా ఆశ్రమాలు కొత్తగా లేస్తూనే ఉన్నాయి. యూనిసెఫ్ లెక్కలో అమ్మానాన్నల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ 'అనాథే'. 2015లో అలాంటివాళ్లు సుమారు 14 కోట్లు. ఇద్దర్నీ పోగొట్టుకున్నవాళ్లు కోటిన్నర. దాతల కరపత్రాల్లో మొదటి అంకే కనిపిస్తుంది. కంబోడియాలో 2005-2010 మధ్య ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి అమ్మో నాన్నో ఉన్నారు. 2010 హైతీ భూకంపం తర్వాత ఒక అమెరికన్ చర్చి బృందం 33 మంది 'అనాథల'ను సరిహద్దు దాటించబోయి పట్టుబడింది. ఆరా తీస్తే చాలామందికి తల్లిదండ్రులున్నారు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ కమిటీ, విదేశీ విరాళాల కోసం పిల్లల్ని ఆశ్రమాల్లోకి చేర్చడాన్ని ఆధునిక బానిసత్వం కోణంలో చర్చించింది.

కొన్ని మతసంస్థలు దారి మార్చుకుంటున్నాయి. పిల్లల్ని బంధువుల దగ్గరికి చేర్చి, భవనాన్ని పగటి బడిగానో, వైద్యశాలగానో, తల్లీబిడ్డల తాత్కాలిక ఆశ్రయంగానో మారుస్తున్నాయి. చిక్కంతా దాతతోనే. భవనానికి శిలాఫలకం పెట్టొచ్చు, వరుసగా నిలబెట్టి ఫొటో తీయొచ్చు. ఒక విధవరాలికి ఆర్నెల్లు ఇంటద్దె కట్టడం ఫొటోలో కనిపించదు. పైగా అందరినీ ఇంటికి పంపేయడమూ కుదరదు. ఇంట్లోనే హింస పడ్డవాళ్లు, విడదీయకూడని అన్నదమ్ములు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు, పరాయి కుటుంబంలో ఇమడలేని పెద్దపిల్లలు ఉంటారు. హడావిడిగా తలుపులు మూసిన చోట పిల్లలు మళ్లీ వీధిలో తేలారు.

ఐర్లండ్‌లోని ట్యూమ్ ఊళ్లో 1925 నుంచి 1961 వరకు నడిచిన తల్లీబిడ్డల గృహంలో చనిపోయిన 796 మంది పిల్లల పేర్లను స్థానిక చరిత్రకారిణి క్యాథరీన్ కోర్లెస్ మరణ ధ్రువపత్రాల నుంచి ఒక్కొక్కటిగా వెతికి తీశారు. వాళ్లను పూడ్చిన చోట్లు వెతకడానికి 2025 జూలైలో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. దొరికే ఎముకలతో పోల్చి చూడటానికి బతికున్న అక్కచెల్లెళ్ల నుంచి, అన్నదమ్ముల నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకుంటున్నారు.