కృత్రిమ మేధ అధినేతలు: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు మెషీన్ లెర్నింగ్ చెబుతుంటాను. రొయ్యల మేత కొట్టు దగ్గర కూర్చున్నా ఒకటే ప్రశ్న: "మాస్టారూ, అసలు ఈ కృత్రిమ మేధ కంపెనీల పెద్దలు ఇదంతా ఎందుకు చేస్తున్నట్టండీ?"

అపోహ: అంతా డబ్బు కోసమే.

వాస్తవం: డబ్బు ఉంది, కాదనను. అదొక్కటే అనుకుంటే మాత్రం లెక్క కుదరదు. గూగుల్‌వారి కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ స్థాపకుల్లో ఒకరైన డెమిస్ హసాబిస్‌కు ప్రొటీన్ల ఆకృతిని పసిగట్టే ఆల్ఫాఫోల్డ్‌ వల్ల 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. కుతూహలం, చరిత్రలో పేరు నిలవాలన్న ఆశ వీళ్లలో చాలామందికి కాసులకంటే పెద్ద ఆకలి అని నా నమ్మకం.

అపోహ: అయితే లోకహితం కోసమే.

వాస్తవం: చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2015 డిసెంబరులో లాభాపేక్ష లేని సంస్థగానే పుట్టింది. చిప్‌ల ఖర్చు తడిసి మోపెడయ్యేసరికి 2019లో లాభాలకు పరిమితి విధించుకున్న అనుబంధ కంపెనీ వెలిసింది, మైక్రోసాఫ్ట్ 100 కోట్ల డాలర్లు పెట్టింది. 2023 నవంబరులో బోర్డు అధినేత శామ్ ఆల్ట్‌మన్‌ను తొలగిస్తే వారం తిరగకముందే ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. తొలగించిన నలుగురిలో ముగ్గురు బోర్డు వదలాల్సి వచ్చింది. ఆశయానికి కాపలా ఉండాల్సిన బోర్డు సత్తా అంతే.

అపోహ: ప్రమాదమంటూనే తయారు చేస్తున్నారు, ఇదంతా నాటకం.

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగాలి. కృత్రిమ మేధ వల్ల మానవజాతికే ముప్పు రావచ్చన్న ఏకవాక్య ప్రకటనపై 2023 మేలో ఆల్ట్‌మన్, హసాబిస్, ఆంత్రోపిక్ అధినేత డారియో అమొడై ముగ్గురూ సంతకం చేశారు. ఎలాన్ మస్క్ ఆ మార్చిలో కృత్రిమ మేధ తయారీకి ఆరు నెలల విరామం కోరిన లేఖపై సంతకం పెట్టి, జులైలో సొంత కృత్రిమ మేధ కంపెనీ ఎక్స్‌ఏఐని ప్రకటించారు. నవ్వొస్తుంది కానీ, మన డెల్టావాళ్లకు ఇది కొత్త కాదు. పక్క చేను రొయ్యల చెరువైతే ఉప్పు ఊట గట్టు దాటుతుంది. ముందు గట్టు వారన వరి దుబ్బులు పసుపెక్కుతాయి, వేసవిలో మట్టిమీద తెల్లటి పొర తేలుతుంది. చివరికి వరి రైతూ పొక్లెయిన్‌కు కబురు పెడతాడు. చెరువు మీద మోజుతో కాదు, ఒక్కడే వరితో మిగిలితే మునిగిపోతానని.

రైతుకు మరో దారి తక్కువ. వీళ్లకు ఉంది. ఈ రంగానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన జెఫ్రీ హింటన్ ప్రమాదాల గురించి స్వేచ్ఛగా మాట్లాడాలని 2023లో గూగుల్‌నే వదిలేశారు. "మేం మానితే ఇంకొకరు చేస్తారు" అన్న మాట నిజమే కావచ్చు, దాంతో బాధ్యత తీరిపోదు.

అపోహ: లామా అనే కృత్రిమ మేధ మోడల్‌ను ఉచితంగా పంచిన ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ దానకర్ణుడు.

వాస్తవం: ఆయన కంపెనీ మెటా ఆదాయం ప్రకటనల మీద వస్తుంది. మోడళ్లు అమ్ముకోవడం తమ వ్యాపారం కాదని ఆయనే 2024లో రాశారు. పోటీదారుల సరుకు చవకైతే ఆయనకేం నష్టం?

అపోహ: ఇది అమెరికా గొడవ, మనకెందుకు?

వాస్తవం: విశాఖలో కృత్రిమ మేధ డేటా కేంద్రం కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అలాంటి డేటా కేంద్రాలకు కరెంటు, చల్లబరిచే ఏర్పాట్లు భారీగా కావాలి. మస్క్ మనసులో ఏముందని నన్నడిగేవారు, ఆ కరెంటు, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారని మన ఎమ్మెల్యేగారిని కూడా అడగండి.