రాతి రంగును కక్ష్య నుంచి చదివే యంత్రం

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో కనిపించే ఎర్రమట్టి దిబ్బల రంగు ఇనుప ఆక్సైడ్‌ది. అందులో హెమటైట్ అనే ఖనిజం ఎంత, గోథైట్ అనే ఖనిజం ఎంత అన్నది కంటికి అందదు. హెమటైట్ 860 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, గోథైట్ సుమారు 920 దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటాయి. ఆ తేడా తేలాలంటే కాంతిని 10 నానోమీటర్ల వెడల్పున్న ముక్కలుగా, అంటే బ్యాండ్లుగా, చూడాలి. అంగారకుడి ఎరుపును చదివేదీ ఇలాగే.

ఇలా చదివే యంత్రమే ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్. అందులో టెలిస్కోపు నేల బొమ్మను సన్నని చీలిక (స్లిట్) మీద వేస్తుంది. స్లిట్ దాటిన గీతను సన్నని గాట్లున్న గ్రేటింగ్ రంగులుగా విడదీసి డిటెక్టర్ మీద పరుస్తుంది: అడ్డంగా స్థలం, నిలువుగా తరంగదైర్ఘ్యం. అంతరిక్ష నౌక కదిలేకొద్దీ గీత పక్కన గీత చేరుతుంది. చంద్రుడికి 100 కి.మీ. ఎత్తున తిరిగే నౌక కింద నేల సెకనుకు సుమారు 1.55 కి.మీ. జరిగిపోతుంది. చంద్రయాన్-2 లోని పరారుణ స్పెక్ట్రోమీటర్ ఐఐఆర్ఎస్‌లా 80 మీటర్ల పిక్సెల్ కావాలంటే గీతకు దొరికేది 52 మిల్లీసెకన్లే. ఆ కొద్ది కాంతినే దాదాపు 250 బ్యాండ్లకు పంచాలి. అందుకని బ్యాండ్లు పెంచుకుంటూ పోతే లాభం లేదు.

అసలు కష్టమంతా ఆ గీతలను తిన్నగా ఉంచడంలోనే ఉంది. మధ్యలో 860 పడే వరుసలో అంచున 850 పడిందనుకోండి, హెమటైట్ గుంట (అది కాంతిని పీల్చుకున్న చోటు) అక్కడ 870కి జరిగినట్టు కనబడి, లేని గోథైట్ ఉన్నట్టు తోస్తుంది. ఈ వంపును స్మైల్ అంటారు. కీస్టోన్ ఇంకా ప్రమాదం: ఒకే చోటి నుంచి వచ్చిన ఎరుపు ఒక పిక్సెల్‌లో, పరారుణం పక్క పిక్సెల్‌లో పడతాయి. దిబ్బ అంచున మట్టి ఎరుపుకి చెట్ల ఆకుల పరారుణం అతుక్కుని, ఎక్కడా లేని ఖనిజం పుడుతుంది. రెండింటినీ పిక్సెల్‌లో పదో వంతు లోపు ఉంచాలి. రెండు పుటాకార అద్దాలు, ఒక కుంభాకార గ్రేటింగ్ దాదాపు ఒకే కేంద్రం చుట్టూ అమర్చే ఆఫ్నర్ డిజైన్ ఇందుకే నిలిచింది. 2008లో చంద్రయాన్-1తో వెళ్లిన మూన్ మినరాలజీ మ్యాపర్‌దీ ఆ అమరికే. గ్రేటింగ్‌తో మరో తంటా ఉంది. అది ఒకే రంగును ఒకటికి మించిన చోట్ల (క్రమాల్లో) వేస్తుంది. 1 మైక్రాన్ (1000 నానోమీటర్లు) కాంతి రెండో క్రమంలో సరిగ్గా 2 మైక్రాన్ల చోటే పడుతుంది. డిటెక్టర్ ముందు ఫిల్టర్ పెట్టకపోతే వేరు చేయలేం.

మ్యాపర్ 3 మైక్రాన్ల దగ్గర ఆగింది. నీటి, హైడ్రాక్సిల్ (OH) గుర్తులు సరిగ్గా ఆ చివరే ఉంటాయి. మధ్యాహ్నపు చంద్రనేల సొంత వేడి అక్కడే మెరిసి ఆ గుంటను పూడ్చేస్తుంది. వేడి వాటా లెక్కగట్టి తీసేయాలంటే ఇంకా పొడుగు తరంగాలు చూడాలి. ఐఐఆర్ఎస్‌ను 5 మైక్రాన్ల దాకా తీసుకెళ్లింది అందుకే. అక్కడ పరికరం వేడి కూడా కాంతిలాగే నమోదవుతుంది కాబట్టి డిటెక్టర్‌ను సుమారు 90 కెల్విన్‌కు చల్లబరుస్తారు.

కక్ష్య నుంచి చదివినదానితో పోల్చి చూడటానికి ఎర్రమట్టిని నేల మీదే కొలవాలి. విశాఖ సముద్రపు గాలిలో తేమ 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర ఎండను దాదాపు మింగేస్తుంది. అందుకే చీకటి గదిలో హాలోజన్ దీపాన్ని 30 డిగ్రీల కోణంలో పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి కొలవాలి. ప్రతి నమూనాకూ ముందూ వెనకా తెల్లటి ప్రామాణిక పలకను చదవాలి, లేకపోతే దీపం వెలుగులో వచ్చిన మార్పు మట్టి లెక్కలోకి వెళ్తుంది. మట్టి బాగా ఆరాలి. తడి ఉంటే 1.9 గుంట పెద్దదై, పక్కనే 2.2 దగ్గరుండే కేయొలినైట్ అనే బంకమట్టి ఖనిజపు జంట గుంట చదునైపోతుంది.