జడ పడిన మేజోడు

చీలమండ కొలతకు సరిపోయేలా అల్లిన ఊలు మేజోడు, దాని నిండా కేబుళ్ళు (కుట్లను ఒకదాని మీదుగా మరొకటి దాటించి అల్లే మెలికల నమూనాలు) వేస్తే, మడమ దగ్గర ఎందుకు పట్టేస్తుందని ఒక పాఠకురాలు అడిగారు. సమాధానం జడలో ఉంది.

విరబోసినప్పుడు నడుము దాటిన జుట్టు జడ వేయగానే పైకి వస్తుంది. ప్రతి పాయా తిన్నగా దిగక, పక్క పాయ మీదుగా ఏటవాలుగా పోతూ తన పొడవులో కొంత ఆ దారికే ఖర్చుపెడుతుంది. కేబుల్ కూడా జడే. ఆరు కుట్లలో మొదటి మూడింటిని చిన్న సూది మీదికి తీసి ముందువైపు ఉంచి, తరువాతి మూడింటిని అల్లాక వీటిని అల్లుతారు. సంఖ్య మారదు, వరుస మారుతుంది. అయితే ఒక పాయ మరొకదాని మీదికి ఎక్కడం వల్ల అల్లిక మందమై, వెడల్పు తగ్గుతుంది. అల్లిక సాగేది ప్రధానంగా నూలు సాగడం వల్ల కాదు, ఉచ్చు ఆకారం మారడం వల్ల. ఏటవాలుగా లాగబడి ఉన్న ఉచ్చుకు ఇంకా మారే వీలు తక్కువ. మడమనూ పాదం పైభాగాన్నీ కలిపి కొలిచిన చుట్టుకొలత చీలమండ కన్నా బాగా ఎక్కువ కనుక, చిక్కు అక్కడే వస్తుంది.

ఐర్లండ్‌లోని ఏరన్ దీవుల్లో మునిగిపోయిన జాలరిని అతని వంశపు కేబుల్‌ను బట్టి గుర్తుపట్టేవారన్న కథ వట్టి పుకారు. 1904లో ప్రదర్శించిన, ఐర్లండ్ రచయిత జె.ఎం. సింగ్ నాటకం ‘రైడర్స్ టు ది సీ’లో మునిగిపోయినవాడి సోదరి గుర్తుపట్టింది మేజోడునే, అదీ కుట్ల లెక్కతో: ఎక్కించినవి అరవై, జారవిడిచినవి నాలుగు.

లేసు పని వేరు. సూదికి నూలు ఒక చుట్టు చుట్టి కొత్త కుట్టు పుట్టించి, పక్కన రెండింటిని కలిపి ఒకటిగా అల్లితే, 64 కుట్లు 64గానే ఉండి, నడుమ ఒక చిల్లు మిగులుతుంది. లాగినప్పుడు ముందుగా విప్పారేది ఆ చిల్లే. అందుకే రెండు కేబుళ్ళ మధ్య లేసు పట్టీ వేస్తే, ఒకటి బిగించిన వెడల్పును మరొకటి తిరిగి ఇస్తుంది. (మన నరసాపురం లేసు క్రోషె సూదితో ఒక్కో ఉచ్చునూ ముగిస్తూ అల్లేది, ఈ లెక్క దానికి వర్తించదు.) అరికాలి కింద మాత్రం రెండూ వద్దు: కేబుల్ గుచ్చుకుంటుంది, చిల్లులు త్వరగా అరుగుతాయి.

జడతో పోలిక ఇంకా అయిపోలేదు. ఊలూ జుట్టూ రెండూ కెరాటినే. తడిసినప్పుడు ఆ ప్రోటీన్‌లోని హైడ్రోజన్ బంధాలు వీడి, ఆరేటప్పుడు అప్పటి ఆకారంలోనే మళ్ళీ కుదురుతాయి. తడి జుట్టుకు వేసిన జడను ఆరాక విప్పితే అలలు మిగిలేది ఇందుకే. మేజోడును తడిపి, పాదం ఆకారపు చట్రానికి తొడిగి ఆరబెడితే లేసు చిల్లులు విప్పారి నిలుస్తాయి. మరీ లాగితే కేబుల్ ఉబ్బు అణిగిపోతుంది. ఉతికిన ప్రతిసారీ బంధాలు వీడతాయి కనుక, చట్రాన్ని పారేయకూడదు.