టెక్నికల్ డైవింగ్ సర్టిఫికేషన్: ఖర్చు, చట్టం గురించిన అపోహలు - వాస్తవాలు

హైదరాబాదు నుంచి, విశాఖపట్నం నుంచి నాకు ఫోను చేసే డైవర్లు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: కోర్సుకు ఎంతవుతుంది, ఆ లైసెన్సు ఎన్నేళ్లు చెల్లుతుంది. టెక్నికల్ డైవింగ్ నేర్పే నేను వీటికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను, ఎందుకంటే అపోహలు ఆ ప్రశ్నల్లోనే ఉన్నాయి. వినోద డైవింగుకు 40 మీటర్లు హద్దు. అవసరమైతే ఏ క్షణంలోనైనా నేరుగా పైకి రాగలగడం దానికి ఆధారం. ఒంట్లో కరిగిన వాయువు నెమ్మదిగా బయటికి పోయేలా నిర్ణీత లోతుల వద్ద ఆగుతూ వస్తే తప్ప పైకి చేరలేని డైవులు టెక్నికల్ డైవింగు కిందికి వస్తాయి.

అపోహ: ఇది ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు.

వాస్తవం: చాలా దేశాల్లో కాదు. టీడీఐ, ఐఏఎన్‌టీడీ, పాడీ, జీయూఈ ఇవన్నీ ప్రభుత్వేతర శిక్షణ సంస్థలు. ప్రమాణాలు రాసేదీ, వాటిని మీరిన శిక్షకుడి బోధనాధికారాన్ని రద్దు చేసేదీ అవే. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా రూపొందించిన వాణిజ్య డైవింగ్ నిబంధనలు వినోద డైవింగ్ బోధనను మినహాయించాయి. బ్రిటన్‌లో 1997 నాటి ‘డైవింగ్ ఎట్ వర్క్’ నియమాలు డబ్బు తీసుకుని నేర్పే శిక్షకుడికి వర్తిస్తాయి గానీ, సొంత ఆసక్తితో దిగే డైవరుకు వర్తించవు. మరి శిక్షణ ముగిశాక ఆ సంస్థలు ధ్రువపత్రంగా ఇచ్చే కార్డుకు బలం ఎక్కడినుంచి వస్తుందంటే, గ్యాస్ నింపే చోటు నుంచి వస్తుంది. ట్రైమిక్స్ (ఆక్సిజన్, హీలియం, నత్రజని కలిపిన మిశ్రమం) నింపమంటే సెంటరు వాళ్లు కార్డు చూపమంటారు. పడవ నడిపేవారు చూపమంటారు. ప్రమాదం జరిగాక బీమా సంస్థ చూపమంటుంది. ఎవరినీ అడగకుండా, ఒంటి సిలిండరుతో, మామూలు గాలితో లోతుకు దిగేవారిని ఆపే చట్టం చాలా తీరాల్లో లేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఈజిప్టులోని దహబ్ దగ్గర ఉన్న లోతైన సముద్రపు గుంట బ్లూ హోల్ నుంచి సముద్రంలోకి తెరుచుకునే కమాను పైభాగం దాదాపు 55 మీటర్ల లోతున ఉంటుంది. ఆ చోట ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్ల స్మృతిఫలకాలు ఒడ్డునే, కొండరాతి మీద వరుసగా కనిపిస్తాయి.

అపోహ: కార్డు అనుమతించినంత లోతుకు ఏ దేశంలోనైనా దిగవచ్చు.

వాస్తవం: స్థానిక నియమమే పైచేయి. మాల్దీవుల వినోద డైవింగ్ నియమావళి 30 మీటర్ల హద్దు పెట్టింది. ఫ్రాన్సు నియమాలు గాలితో చేసే డైవును 60 మీటర్లకు పరిమితం చేశాయి.

అపోహ: ప్లాస్టిక్ కార్డు కోసమే అంత డబ్బు వసూలు చేస్తారు.

వాస్తవం: సంస్థకు వెళ్లే కార్డు రుసుము మొత్తం ఖర్చులో చిన్న భాగం. అసలు ఖర్చు గ్యాసుది, రోజులది. 60 మీటర్ల లోతున పీడనం 7 బార్లు, అంటే నీటిపైన ఉన్నదానికి దాదాపు ఏడింతలు. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 140 లీటర్లు పీలుస్తాడు. అంత లోతున గాలిలోని నత్రజని తాగినంత మత్తు కలిగిస్తుంది కాబట్టి, దానిలో కొంత తీసివేసి హీలియం కలుపుతాం. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం ఉన్న మిశ్రమంతో 60 మీటర్లకు దిగిన డైవరు మీద నత్రజని ఒత్తిడి, గాలితో 23 మీటర్ల లోతున ఉన్నంతే ఉంటుంది. ఒక్కొక్కటి 12 లీటర్ల జంట సిలిండర్లను ఈ మిశ్రమంతో 200 బార్లకు నింపితే 4,800 లీటర్ల గ్యాస్ పడుతుంది. అందులో 2,160 లీటర్లు హీలియమే. పీల్చిన ప్రతి ఊపిరీ బుడగలై పోతుంది, తిరిగి రాదు. హీలియం సహజవాయువుతో పాటు కొన్ని దేశాల్లోనే దొరుకుతుంది. ఖతార్‌లోనో అమెరికాలోనో సరఫరా కుంటుపడితే ధర పెరుగుతుంది, దాదాపు అంతా దిగుమతి చేసుకునే మన దేశంలో మరీ పెరుగుతుంది. దీనికి తోడు పైకి వస్తూ పీల్చే 50 శాతం ఆక్సిజన్ మిశ్రమానికి ఒక సిలిండరు, 6 మీటర్ల వద్ద పీల్చే స్వచ్ఛమైన ఆక్సిజనుకు మరొకటి, ఆక్సిజనుకు తగ్గట్టు శుభ్రపరిచిన రెగ్యులేటర్లు (సిలిండరు గ్యాసును పీల్చగల ఒత్తిడికి తగ్గించి అందించే పరికరాలు) కావాలి. విదేశంలో కొన్న సిలిండర్లను భారతదేశానికి తెచ్చుకుంటే వాటికి 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కింద కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి కూడా ఉండాలి.

అందువల్ల చౌక కోర్సు ప్రకటన చూసినప్పుడు నేను ధర కంటే ముందు రోజులు లెక్కపెడతాను. హీలియం ధర అందరికీ ఒకటే. తగ్గించడానికి మిగిలింది నీటిలో గడిపే సమయం, ఒక్కో శిక్షకుడికి ఉండే విద్యార్థుల సంఖ్య. ఈ రెండింటిలో కోత పెట్టి నేర్పిన డైవరుకు సిలిండరు వాల్వు మూయడం తెలుస్తుంది గానీ, మత్తులో, చీకటిలో, ఒక చేత్తో తాడు చుట్టిన రీలు పట్టుకుని మూయడం తెలియదు.

అపోహ: డబ్బు కట్టాక కార్డు ఇవ్వక తప్పదు.

వాస్తవం: ఫీజు శిక్షణకు, ఫలితానికి కాదు. పాడీ కోర్సుల్లో టెక్ 40కి 30, టెక్ 45కి 50, టెక్ 50కి 100 డైవుల అనుభవం ముందే ఉండాలి. వాటి తర్వాత కూడా నిలకడగా తేలలేనివారిని మళ్లీ రమ్మంటాను. ఆ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది.

అపోహ: రీబ్రీదర్ (వదిలిన ఊపిరిని శుభ్రపరిచి మళ్లీ పీల్చుకునేలా చేసే యంత్రం) కొంటే ఖర్చు తగ్గిపోతుంది.

వాస్తవం: గ్యాస్ ఖర్చు తగ్గుతుంది. 3 లీటర్ల సిలిండరులో అదే మిశ్రమానికి 270 లీటర్ల హీలియం చాలు. అయితే యంత్రం ధర లక్షల్లో ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్లు కాలపరిమితికి మార్చాలి, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకునే రసాయనం ఖర్చవుతూనే ఉంటుంది. పైగా ఒక మోడల్‌పై పొందిన కార్డు మరో మోడల్‌కు చెల్లదు.

అపోహ: ఈ కార్డుతో సముద్రంలోని చమురు క్షేత్రాల్లో ఉద్యోగం వస్తుంది.

వాస్తవం: రాదు. కృష్ణా-గోదావరి బేసిన్ వంటి చోట్ల పనిచేసే వాణిజ్య డైవర్లకు శిక్షణా వేరు, ధ్రువపత్రాలూ వేరు. వారికి గాలి పైనుంచి గొట్టం ద్వారా అందుతుంది.

అపోహ: ఒకసారి పొందిన కార్డు జీవితాంతం పనికొస్తుంది.

వాస్తవం: చాలా సంస్థల కార్డులకు గడువు లేదన్నది నిజమే, జీయూఈ మాత్రం మూడేళ్ల గడువు పెట్టింది, ఆ నియమం నాకు సబబుగా తోస్తుంది. నా దగ్గరికి వచ్చినవారి కార్డు కంటే ముందు లాగ్‌బుక్కులో చివరి డైవు తేదీ చూస్తాను. ఏడాది దాటి ఉంటే, 6 మీటర్ల లోతున వీపు వెనుక వాల్వులను మూసి తెరిచే కసరత్తు చేయించిన తర్వాతే లోతు సంగతి మాట్లాడతాను.