టెలిగ్రాం పోయింది, ట్యాపింగ్ ఉండిపోయింది

హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ చేసుకునే బాబాయి ఒకాయన ఉన్నాడు మాకు. కొన్నేళ్ల కింద మామూలు కాల్ చేస్తే చాలు, "వాట్సాప్‌లో చెయ్యరా" అని పెట్టేసేవాడు. ఈయన ఫోన్ ఎవడు వింటాడులే అని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. మావోయిస్టుల మీద నిఘా కోసం తెలంగాణ పోలీసు శాఖలో పెట్టిన ఎస్ఐబీ (స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్) అనే విభాగం రాజకీయ నాయకుల ఫోన్లూ, వ్యాపారుల ఫోన్లూ, జర్నలిస్టుల ఫోన్లూ విన్నదని, 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు రాత్రే హార్డ్ డిస్కులు పగలగొట్టేశారని పోలీసుల అభియోగం. నిందితులు కాదంటున్నారు, అది కోర్టులో తేలాలి. ఇంతకీ మన మాటలు వినే అధికారం సర్కారుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1885 దాకా. ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం అప్పటిది. 1857లో తంతి తమకెంత అక్కరకొచ్చిందో చూసిన తెల్లదొరలు ఆ తీగను తమ గుప్పిట్లోంచి జారనివ్వలేదు. చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం 'పబ్లిక్ ఎమర్జెన్సీ' వచ్చినా, 'ప్రజా భద్రత' కోసమైనా సందేశాన్ని ఆపొచ్చు, చదవొచ్చు. స్వాతంత్ర్యం వచ్చింది, ఆ సెక్షన్ పోలేదు. 1972లో దాన్ని సవరించి దేశ భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు లాంటి కారణాలు చేర్చారు గానీ, ఎవరు ఆర్డర్ ఇవ్వాలి, ఎన్ని రోజులు వినాలి, విన్నది ఏం చేయాలి అన్నదానికి పద్ధతంటూ రాయలేదు. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసు మూసేశారు, ఆఖరి రోజు జనం క్యూ కట్టి మరీ టెలిగ్రాంలు ఇచ్చుకున్నారు. దాని పేరు పెట్టుకున్న చట్టం మాత్రం ఆ తర్వాత ఇంకో పదేళ్లు మన సెల్‌ఫోన్ల మీద బతికింది.

ట్యాపింగ్ మీద నాయకులు గగ్గోలు పెట్టేది తమ ఫోన్ దాకా వచ్చినప్పుడే. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ట్యాపింగ్ గొడవల మధ్యే రాజీనామా చేశారు. తర్వాత తన ఫోన్ ట్యాప్ చేశారని, ప్రధానిగా కూడా చేసిన చంద్రశేఖర్ ఆరోపించారు, సీబీఐ విచారణ జరిగింది. ఆ రిపోర్టు చదివితే తల తిరుగుతుంది. 180 రోజుల గడువు దాటిపోయినా ప్రభుత్వ అనుమతి లేకుండా వింటూ పోయిన కేసులు 111. కొన్ని నంబర్లకైతే అసలు ఆర్డరే దొరకలేదు. రికార్డులు కూడా సరిగ్గా రాయలేదు. కుట్రల సంగతి పక్కన పెట్టండి, రేషన్ షాపు రిజిస్టరు ఇంతకంటే నయంగా ఉంటుంది.

ఆ రిపోర్టు పట్టుకునే పియుసిఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం వ్యక్తిగత గోప్యతలో భాగమని, పద్ధతి లేకుండా వినడం కుదరదని కోర్టు చెప్పింది. కానీ ట్యాపింగ్‌కు ముందు జడ్జి అనుమతి ఉండాలని పియుసిఎల్ అడిగితే ఒప్పుకోలేదు. హోం సెక్రటరీ ఆర్డర్ ఇస్తారు, పై అధికారుల కమిటీ ఒకటి దాన్ని చూస్తుంది అంది. నన్నడిగితే కథ అక్కడే అడ్డం తిరిగింది. ఈ ఏర్పాటే తర్వాత 419ఏ అనే రూల్‌లోకి ఎక్కింది. ఒక్కో ఆర్డర్ 60 రోజులు, పొడిగిస్తే 180 రోజులు. కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీ, రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన రివ్యూ కమిటీ రెండు నెలలకోసారి కూర్చోవాలి. అందులో జడ్జి ఉండడు, ప్రతిపక్షం వాళ్లుండరు, అందరూ ఆ సెక్రటేరియట్ మనుషులే.

ఈ రివ్యూ కమిటీ ఎంత చూడగలదో, డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఆర్డర్లు ఇస్తోందని ఆర్టీఐ సమాధానంలో తేలింది కాబట్టి, రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ముందు 15,000 నుంచి 18,000 ఆర్డర్లు ఉంటాయి. టీ కూడా తాగకుండా ఎనిమిది గంటలు కూర్చున్నా ఒక్కోదానికి రెండు సెకన్లు రావు. పేరు చదవడానికే చాలదు.

ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఉన్న కాస్త రక్షణ కూడా పలుచనైంది. ముంబై దాడులు జరిగిన నెలలోపే, 2008 డిసెంబర్‌లో, పార్లమెంటు చర్చ పెట్టకుండానే ఐటీ చట్టాన్ని సవరించింది. కంప్యూటర్లు, ఇంటర్నెట్ మీద నిఘాకు అధికారమిచ్చే 69వ సెక్షన్‌లో పబ్లిక్ ఎమర్జెన్సీ అన్న పాత షరతు కూడా లేదు, ఏదైనా నేరం దర్యాప్తు కోసమన్నా చాలు. 2018లో పది ఏజెన్సీలకు ఆ అధికారం ఉందని కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. మధ్యలో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు, సంబరపడ్డాం. తర్వాత పెగాసస్, అంటే ఫోన్‌లోకి దొంగతనంగా చొరబడే ఇజ్రాయెల్ నిఘా సాఫ్ట్‌వేర్, గొడవ వచ్చింది. జస్టిస్ ఎన్.వి. రమణ బెంచ్ 2021లో, జాతీయ భద్రత అన్నంత మాత్రాన ప్రభుత్వానికి ఫ్రీ పాస్ ఇవ్వలేమని చెప్పి నిపుణుల కమిటీ వేసింది. కమిటీ చూసిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససే అని మాత్రం తేలలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పిన సంగతిని కోర్టే బయటపెట్టింది. అంతే.

మన దగ్గరా 2015లో ఓటుకు నోటు కేసులో, అప్పటి ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబుదని చెప్పిన ఫోన్ ఆడియో టీవీల్లో మోగింది. ఏపీ ప్రభుత్వం ట్యాపింగ్ అంది, తెలంగాణ ప్రభుత్వం కాదంది. అది ట్యాపింగా, అవతలివాళ్ల ఫోన్‌లోనే రికార్డయిందా అన్న ప్రశ్న, ఆ ఆడియోలోని 'బ్రీఫ్డ్ మీ' అన్న మాట మీద పుట్టిన జోకుల్లో కొట్టుకుపోయింది. ఆ జోకులు ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 డిసెంబర్‌లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. 20వ సెక్షన్‌లో మళ్లీ అదే పబ్లిక్ ఎమర్జెన్సీ, అదే ప్రజా భద్రత. 2024 డిసెంబర్ 6న కొత్త రూల్స్ కూడా వచ్చాయి, రివ్యూ కమిటీల్లో మళ్లీ సెక్రటరీలే. ఫోన్ విన్నాక, గడువు ముగిశాకైనా సరే, 'నీ ఫోన్ విన్నాం' అని ఆ మనిషికి చెప్పాలన్న మాట అప్పట్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. హైదరాబాద్ కేసులో తమ నంబర్ లిస్టులో ఉందని చాలామందికి తెలిసింది, ప్రభుత్వం మారాక పోలీసులు సాక్షులుగా పిలిచి వాంగ్మూలం తీసుకున్నప్పుడు. బాబాయికి మాత్రం అలాంటి పిలుపేమీ రాలేదు. ఇప్పటికీ వాట్సాప్‌లోనే చెయ్యమంటాడు.