ఈసీజీలో కనిపించని దడ

"గుండె దడదడ కొట్టుకుంటాంది సార్. చేతులు సల్లబడతాండాయి. ఊపిరి ఆడనట్టుంటాంది. సచ్చిపోతానేమో అనిపిస్తాంది." కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల ఓపీల్లో తరచుగా వినిపించే మాటలివి. ఈసీజీ తీస్తారు, బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. అన్నీ మామూలే. "నీకేం లేదు, గ్యాసు, ధైర్యంగా ఉండు" అని ఒక పాంటోప్రజోల్ మాత్ర రాసి పంపుతారు. కొన్నాళ్ళకే ఆ మనిషి ఇంకో ఆసుపత్రిలో ఇంకో ఈసీజీ కోసం బల్ల మీద పడుకుంటాడు. "ఏం లేదు" అన్న మాటతోనే అతనికి అన్యాయం మొదలవుతుంది. అతనికున్నదానికి ఆందోళన రుగ్మత అనే పేరుంది, గుర్తించే పద్ధతి ఉంది, వైద్యం ఉంది.

ఆందోళన మానసిక సమస్యేనా అని అడిగితే ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆందోళన పడే గుణం జబ్బు కాదు. ముప్పును పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడం మెదడు పని. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదం ఉందని సంకేతమిస్తే, హైపోథాలమస్ ద్వారా నరాలకు, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళుతుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. రక్తం తొడలు, భుజాల కండరాల వైపు ఎక్కువగా మళ్ళుతుంది. చర్మంలో రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల చేతులు చల్లబడతాయి. జీర్ణకోశానికి రక్తం తగ్గి కడుపులో దేవినట్టవుతుంది. ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, మెదడు రక్తనాళాలు కొంత బిగుసుకుని తల తిరుగుతుంది. అంటే రోగి చెప్పే ప్రతి బాధా ఒంట్లో నిజంగా జరుగుతున్నదే. ఈసీజీ గుండెలో విద్యుత్తు నడక ఎలా ఉందో చూపుతుంది. భయం ఆ నడకను వేగం చేస్తుందే గాని చెడగొట్టదు. పైగా ఆసుపత్రికి చేరేసరికి దడ తగ్గిపోయి ఉంటుంది. అందుకే కాగితం మీద ఏమీ కనబడదు.

ప్రమాద ఘంట లాంటి ఈ ఏర్పాటు అవసరం లేనిచోట పదేపదే మోగడం, మోగినది ఆగకపోవడం, దాని వల్ల బతుకు కుంచించుకుపోవడం జబ్బు లక్షణాలు. అమెరికా మనోవైద్యుల డీఎస్ఎం గ్రంథం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ వర్గీకరణ రెండూ దీన్ని మానసిక రుగ్మతగానే లెక్కిస్తాయి. 1980కి ముందు అంతటినీ "ఆందోళన న్యూరోసిస్" అని ఒకే గాటన కట్టేవారు. ఆ ఏడాది వచ్చిన డీఎస్ఎం మూడో కూర్పు దాన్ని ఉన్నట్టుండి భయం ముంచెత్తే పానిక్ రుగ్మతగా, సాధారణీకృత ఆందోళన రుగ్మతగా విడదీసింది. రెండోదానికి ఇప్పటి కొలత ఇది: కనీసం 6 నెలల పాటు, ఎక్కువ రోజులు, పలు విషయాల మీద అదుపు చేసుకోలేని చింత ఉండాలి. దానితోపాటు స్థిమితం లేకపోవడం, త్వరగా అలసిపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, చిరాకు, కండరాలు బిగుసుకోవడం, నిద్ర చెడడం అనే ఆరింటిలో మూడైనా ఉండాలి. పిల్లల్లో ఒకటి చాలు. ఇవన్నీ ఉన్నా పనికో, చదువుకో, సంసారానికో దెబ్బ తగలాలి, లేదా మనిషి తీవ్రంగా బాధపడుతూ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 30 కోట్ల 10 లక్షల మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత ఉంది. మానసిక రుగ్మతలన్నిటిలో ఎక్కువమందికి ఉన్నది ఇదే.

ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి సీమలో ఈ విషయం మాట్లాడలేం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడదు. శనక్కాయ విత్తి, ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే, బ్యాంకులో బంగారం కుదువ పెట్టిన రైతుకు నిద్ర పట్టకపోవడం జబ్బా? కాదు. అతనికి కావాల్సింది తడి, పంటల బీమా సొమ్ము, అప్పుకు గడువు. కరువును మనసు జబ్బుగా చూపించి మాత్ర చేతిలో పెట్టడం అన్యాయం. అయితే దీనికి అవతలి తప్పు కూడా అంతే ప్రమాదం. "కష్టాల్లో ఉన్నోనికి దిగులు ఉండదా యేమి" అంటూ, జబ్బు ముదిరినవాణ్ణి అలాగే వదిలేస్తారు.

తేడా తెలిసేది వాన పడ్డాక. పదును వాన పడి చేను తేరుకున్న రాత్రి మొదటి రైతు నిద్రపోతాడు. జబ్బు ముదిరిన రెండో రైతు మనసు తడి సంగతి వదిలి ఆకుమచ్చ తెగులు మీదికి పోతుంది, అక్కడి నుంచి మార్కెట్ యార్డులో ధర మీదికి, ధర బాగుందంటే బెంగుళూరులో ఉన్న కొడుకు బైకు మీదికి. కారణం తీరినా చింత తీరదు, కొత్త కారణం వెతుక్కుంటుంది. మొదటి కారణం నిజమైనదే కావచ్చు. దానివల్ల తర్వాత వచ్చిన జబ్బు అబద్ధమైపోదు. అప్పుకు తగిన పరిష్కారం, జబ్బుకు తగిన వైద్యం రెండూ కావాలి. ఒకటి దొరికిందని రెండోది ఆపకూడదు.

పానిక్ దాడి దీనికి వేరు. ఉన్నట్టుండి వచ్చి, కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి చేరి, చాలావరకు అరగంటలోపు దిగిపోతుంది. జీవితంలో ఒకసారి వస్తే రుగ్మత అనరు. మళ్ళీ మళ్ళీ వస్తూ, "మళ్ళీ వస్తుందేమో" అన్న భయంతో కనీసం నెల రోజులు మనిషి నడవడి మారిపోతే అప్పుడది పానిక్ రుగ్మత. కడప నుంచి అనంతపురం వచ్చే బస్సులో ఒకసారి దాడి వచ్చిందనుకోండి. తర్వాత బస్సు ఎక్కరు. ఆపైన సంతకు, పెళ్ళిళ్ళకు పోరు. చివరికి తోడు లేకుండా గడప దాటరు. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే మెదడుకు తప్పుడు పాఠం నేర్పుతుంది: ఎక్కలేదు కాబట్టే బతికాను అని. ఆందోళన జబ్బును పెంచి పోషించేది ఈ తప్పించుకోవడమే. అందువల్ల మనిషి ఎంత భయపడుతున్నాడన్నదాని కంటే, భయంతో ఏమేం మానేశాడన్నదే ముందు అడగాలని మా అభిప్రాయం.

ఎక్కడున్నామో చూసుకోవడానికి 2006లో వచ్చిన జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల కొలత ఉంది. గత రెండు వారాల్లో ఈ ఏడు ఎంత తరచుగా ఉన్నాయో చూడాలి: గాబరా; చింతను ఆపలేకపోవడం; రకరకాల విషయాలపై అతిగా చింతించడం; ఒళ్ళు వదులు కాకపోవడం; ఒకచోట కూర్చోలేకపోవడం; ఇట్టే చిరాకు రావడం; ఏదో కీడు జరగబోతుందన్న భయం. అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి పైగా రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 21కి లెక్క. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. 10 గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చినవారు డాక్టరును కలవాలి. ఇది జల్లెడ మాత్రమే, నిర్ధారణ డాక్టరు చేయాలి.

ఎందుకంటే ఇదే వేషంలో వచ్చే ఒంటి జబ్బులున్నాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే దడ, చెమట, చేతి వణుకు, బరువు తగ్గడం ఉంటాయి. టీఎస్‌హెచ్ పరీక్షలో తెలిసిపోతుంది. రక్తహీనత, షుగరు మందుల వల్ల గ్లూకోజు పడిపోవడం, గుండె లయ తప్పడం, ఆయాసానికి వాడే సాల్బుటమాల్ కూడా దడ తెస్తాయి. రాత్రి మద్యం తాగి భయం అణచుకునేవారికి తెల్లవారి మత్తు దిగేటప్పుడు గాబరా రెట్టింపవుతుంది. అలాగే మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినవారు, ముఖ్యంగా నలభై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు దాన్ని పానిక్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ముందు ఈసీజీ తీయించాలి. ఒకసారి గుండె బాగుందని గట్టిగా తేలాక మాత్రం వారానికో ఈసీజీ వద్దు, అది కూడా జబ్బుకు మేతే.

దాడి వచ్చినప్పుడు చాలామంది "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. అది తప్పు సలహా. అప్పటికే కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఉంది, ఇంకా గట్టిగా పీలిస్తే తిమ్మిరి పెరుగుతుంది. ముక్కుతో మెల్లగా 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి, ఛాతీ కాకుండా పొట్ట కదిలేలా పీల్చాలి. బాగున్న రోజుల్లో పూటకు 5 నిమిషాలు సాధన చేసినవారికే దాడిలో ఇది అక్కరకు వస్తుంది. ముఖానికి కాగితం సంచి పెట్టడం వద్దు. అసలు కారణం గుండో ఆయాసమో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

శాశ్వతంగా పనిచేసేది, తప్పించుకున్నదానికి మెట్టు మెట్టుగా ఎదురుపోవడం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఇదే కీలకం. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 విడతలు ఉంటుంది. బస్సు భయమున్నవారు ముందు బస్టాండులో ఆగివున్న బస్సులో కూర్చుంటారు. భయం పెరిగి, నిలిచి, సగానికి దిగేదాకా లేవకూడదు. ఆ మెట్టు రోజూ చేసి విసుగు పుట్టాక అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం వరకు తోడుతో, తర్వాత ఒంటరిగా, ఆపైన ధర్మవరం, ఆపైన కడప. ఇక్కడ చెడేది మూడు చోట్ల. భయం శిఖరంలో ఉండగా దిగిపోతే తప్పుడు పాఠం ఇంకా బలపడుతుంది. నెలకోసారి చేస్తే నేర్చుకున్నది నిలవదు. జేబులో మాత్ర, చేతిలో నీళ్ళ సీసా, ఫోనులో ఎవరినో పట్టుకుని కూర్చుంటే "అవి ఉన్నందుకే గట్టెక్కాను" అని మెదడు రాసుకుంటుంది. ఆ ఊతాలను కూడా ఒక్కొక్కటిగా వదలాలి.

మందుల్లో ముందు వాడేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. ఎస్సిటాలోప్రామ్ సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10 చేస్తారు. మొదటి వారం వికారం, ఇంకాస్త గాబరా ఉండొచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల నాలుగో రోజుకే "మాత్ర పడలేదు" అని పారేస్తారు. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. నయమయ్యాక 6 నుంచి 12 నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. వీటికి అలవాటు పడిపోతామన్న భయం అక్కరలేదు. హఠాత్తుగా ఆపితే మాత్రం తల తిరగడం, చిరాకు వస్తాయి.

భయపడాల్సింది అల్ప్రజోలామ్ గురించి. 0.25, 0.5 మిల్లీగ్రాముల చిన్న మాత్ర, గంట తిరక్కముందే హాయి. అందుకే జనానికి ఇష్టం. కొన్ని వారాలు రోజూ వాడితే ఒళ్ళు దానికి లొంగిపోతుంది, అదే డోసు చాలదు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది మందుల షాపు రిజిస్టరులో రాసి 3 ఏళ్ళు దాచాలి. పాత చీటీ చూపించి నెలనెలా తెచ్చుకుంటున్నవారు ఇంట్లో ఎవరైనా ఉంటే ఒక్కసారిగా ఆపించకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మెల్లగా తగ్గించండి.

అంత్రం కట్టించుకోవడానికి సిగ్గుపడని మనం మానసిక వైద్యుడి గది ముందు కూర్చోవడానికి సిగ్గుపడతాం. ఆందోళన ముదిరి పిచ్చి పట్టదు. తన భయం అతి అని చాలావరకు రోగికే తెలుసు. మూడు జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. మన పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో 1980ల్లో బెంగుళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యం పల్లెల్లోనే చేయవచ్చని చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. కాబట్టి పీహెచ్‌సీలో అడగడానికి వెనుకాడక్కరలేదు. ఊరు దాటలేనివారు 14416కు, అంటే టెలిమానస్‌కు ఫోను చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింటుమెంటు కోసం ఆగకుండా ఆ రోజే, తోడుతో, క్యాజువాలిటీకి వెళ్ళాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆరోగ్య బీమా కంపెనీలు మానసిక అనారోగ్యాన్ని ఒంటి జబ్బులతో సమానంగా చూడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఈసీజీలన్నీ, ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర అట్టా, ఆయుర్వేదం, నాటు మందులతో సహా తీసుకెళ్ళండి. దడ ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలుంటుంది, దాని వల్ల ఏమేం మానేశారు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. "గ్యాసు" అని మొదలుపెడితే గ్యాసుకే మందు రాస్తారు. మీ భయాన్ని భయమనే చెప్పండి.