పంట నష్టం డబ్బులు: రైతు సేవా కేంద్రంలో వినే అపోహలు - వాస్తవాలు

తుపాను వెళ్లిన మర్నాడే మొదలవుతుంది: "ఎకరానికి ఎంతిస్తారు సార్?" కృష్ణా డెల్టాలో గ్రామ వ్యవసాయ సహాయకుడిగా పనిచేస్తున్నాను. నాకు ఎక్కువగా ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: పోయిన పంటకు ఇది పరిహారం.

కాదండీ, ఇన్‌పుట్ సబ్సిడీ. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి ఇచ్చే ఊతం. 2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో కేంద్రం పెట్టిన రేటు హెక్టారుకు వర్షాధారమైతే 8,500, నీటి వసతి ఉంటే 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. అంటే మాగాణికి ఎకరానికి ఏడు వేలు కూడా రాదు. అంతకు మించి ఇస్తే అది రాష్ట్రం వేసుకునేది. 2024 సెప్టెంబరు వరదలకు ఆంధ్రప్రదేశ్ వరికి ఎకరానికి 10,000 ప్రకటించింది. డెల్టాలో ఇది కౌలు బస్తాలకైనా చాలదన్న మాట నేనూ ఒప్పుకుంటాను.

అపోహ: 33 శాతం పోతే 33 శాతం డబ్బులు.

33 శాతం అనేది అర్హత గీత. 2015కు ముందు అది 50. గీత దాటితే 40 శాతం పోయినా 90 శాతం పోయినా ఒకటే రేటు. 30 దగ్గర ఆగితే రూపాయి రాదు. ఆ రైతు ఎదుట నిలబడి ఈ మాట చెప్పడమే మా ఉద్యోగంలో కష్టమైన పని.

అపోహ: నీళ్లుండగానే వచ్చి రాసుకోవాలి.

అప్పుడు రాసేది ప్రాథమిక అంచనా. రైతువారీ లెక్క నీరు తీశాకే. పడిపోయిన వరి అంతా పోయినట్టు కాదు. పాలు పోసుకునే దశలో పడితే వెన్ను తీసి గింజ నొక్కి చూస్తాం. ఏమీ లేకుండా చప్పబడితే తాలే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది సరిగ్గా కోతలప్పుడు. అలాంటప్పుడు నొక్కక్కర్లేదు, వెన్ను మీద తెల్లటి మొలకలు గట్టు మీద నుంచే కనిపిస్తాయి. తిప్పలంతా పూత మీదున్న చేనుతోనే. పచ్చగా నిలబడే ఉంటుంది, తాలు పడిందో లేదో తేలడానికి రోజులు పడుతుంది. ఫోటోలు తీసుకుని నీళ్లు తీసేసుకోండి. మా కోసం చేను మునగబెట్టుకోవద్దు.

అపోహ: భూమి పాస్‌బుక్ ఎవరిదైతే డబ్బులు వాళ్లవే.

ఈ-పంటలో, అంటే ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఆన్‌లైన్ నమోదులో, సాగుదారుగా ఎవరి పేరుంటే వాళ్లవి. కౌలు రైతుకు సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు ఉంటే పేరు ఎక్కించడం సులువు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు చెల్లేది 11 నెలలే, హక్కు పంట మీదే, భూమి జోలికి పోదు. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది భూ యజమానులు ఆ కార్డుకు సంతకం పెట్టరు. చేను నీళ్లలో, చేసినవాడు గట్టు మీద, డబ్బులేమో హైదరాబాద్‌లో ఉన్న యజమాని ఖాతాలో.

పదెకరాలు మునిగినా లెక్కలోకి వచ్చేది రెండు హెక్టార్లే, సుమారు ఐదెకరాలు. ఫసల్ బీమా ఈ ఇన్‌పుట్ సబ్సిడీకి పూర్తిగా వేరు. వరికి గ్రామం యూనిట్‌గా పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడిని బట్టి వస్తుంది.

అపోహ: నష్టపోయిన రైతుల జాబితా ఎవరికీ చూపించరు.

సామాజిక తనిఖీకి రైతు సేవా కేంద్రంలోనే అంటిస్తాం. గడువు తక్కువే, అది నాకూ నచ్చదు. కానీ ఆ రోజుల్లో గోడ వైపు చూసేవాళ్లు తక్కువ, పక్కవాడి ఖాతాలో పడ్డాక వచ్చేవాళ్లు ఎక్కువ. పేరొక్కటీ చూసి వెళ్లిపోకండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట కూడా చూడండి. తేడా ఉంటే గడువులోపే అర్జీ రాసిచ్చి రసీదు అడగండి.